వెనక నుంచి పిలిచి చూడు

కడప,
23 జూన్ 2024.

పెద్దమ్మకు సలాం.

నువ్వు పంపిన బొంత చేరింది. అంచుకు నా చిన్నప్పటి పావడా గుడ్డ వేసి కుట్టావు, చూడగానే గుర్తుపట్టాను. మీ మనవరాలు జోహరా దాని మీది నుంచి లేవడం లేదు. పెద్దనాయన మోకాలు ఎట్లుంది? ఇంకా ఆ దూది మిషను దగ్గర రోజంతా నిలబడుతున్నాడా?

ఒక సంగతి రాయాలి. ఫోను చేస్తే నీకు వినపడదు, పెద్దనాయన అరిచి చెబితే పరుపుల కోసం వచ్చినవాళ్ళందరికీ తెలిసిపోతుంది. అందుకే ఉత్తరం.

జోహరాను ఈ నెలలో ఎల్‌కేజీలో చేర్చాం. నాలుగేళ్ళు నిండినా దానికి పట్టుమని పది మాటలు రావని నీకు తెలుసు. మొన్న ప్రిన్సిపాల్ మేడం నన్నూ ఫిరోజ్‌నూ పిలిపించి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. పిల్లతో నేను తెలుగు, ఆయనా అత్తమ్మా ఉర్దూ అని చెప్పాను. "అదీ సంగతి! రెండు భాషలతో పిల్లను గందరగోళం చేసేశారు. ఈ రోజు నుంచి ఇంట్లో కూడా ఒక్క ఇంగ్లీషే మాట్లాడాలి. లేకపోతే ఈ పిల్లకు మాటలు రావు" అంది.

పెద్దమ్మా, ఆ చివరి మాట విన్నాక ఆమె ఇంకేం చెప్పిందో నా తలకెక్కలేదు. ఇంటికొచ్చి నిర్ణయించుకున్నాను. దానితో తెలుగు మానేస్తున్నాను. నా ఇంటర్ ఇంగ్లీషు ఎంతుంటే అంతే. పీర్ల పండుగకు కోడుమూరు తీసుకురాలేను. అక్కడ నువ్వూ, లక్ష్మక్కా, వీధి వీధంతా దాన్ని ఎత్తుకుని తెలుగులోనే కదా ముద్దు చేస్తారు. కొన్నాళ్ళు తెలుగు దాని చెవిన పడకపోతేనే మంచిది. కోపం పెట్టుకోవద్దు.

నీ సమీరా


కోడుమూరు,
1-7-2024.

సమీరాకు పెద్దమ్మ దువా చేసి రాసేది.

మాట్లాడేటప్పుడు ఎట్ల మాట్లాడినా, రాసేటప్పుడు మాత్రం ఏడో తరగతిలో దావీదురాజు సారు నేర్పినట్టే రాస్తాను. కాబట్టి అర్థం కాలేదని అనొద్దు.

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. ఇది ఏ మేడమో చెప్పిన మాట కాదు. మీ అత్త మాట. నీ పెళ్ళినాటికి నాకు ఇంత చెవుడు లేదు. సారె పళ్ళాల దగ్గర కూర్చుని ఖైరున్నిసమ్మ పక్కామెతో అన్నది నేను బాగానే విన్నాను. "దూదేకులోళ్ళ పిల్ల. ఉర్దూ ఒక్క ముక్క రాదు. రేపు బిడ్డలకేం నేర్పుతాదో!" అని. నాకు తెలియాలనే ఆ మాట తెలుగులో అంది. ఏడేళ్ళు కడుపులో పెట్టుకున్నా. ఇప్పుడు నీ నోట తెలుగు మాన్పించి తన పంతం నెగ్గించుకుంది.

మీ తాత అయిదు పూటలా నమాజు చేసి, చివర చేతులెత్తి తెలుగులోనే అడుక్కునేవాడు. "దేవుడా, వానలియ్యి, బిడ్డల్ని సల్లగా సూడు" అని. అల్లాకు అర్థం కాలేదని ఎవరైనా వచ్చి చెప్పారా?

మీ అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్ళు. నా దగ్గర నేర్చిన మాటలతోనే ఇంటర్ దాకా చదివావు. అవే మాటలు నీ బిడ్డకు చెరుపు చేస్తాయా? పండుగకు రావొద్దులే. నేనూ కడప మొఖం చూడను.

ఇక్కడ వానలు పడ్డాయి. చెనిక్కాయ విత్తుతున్నారు.

పీరమ్మ


కడప,
19 జూలై 2024.

పెద్దమ్మా, సలాం.

నీ ఉత్తరం నా చేతికి రాకముందే ఇంట్లో చదివారు. నేను పిల్లను తెచ్చేందుకు బడికి పోయాను. కోడుమూరు నుంచి ఉత్తరం అనేసరికి ఎవరికేమైందోనని అత్తమ్మ కంగారుపడి పక్కింటి యశోదను పిలిచిందట. అత్తమ్మకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. యశోద ఒక్క ముక్క వదలకుండా చదివింది.

నేను వచ్చేసరికి అత్తమ్మ ఆ కాగితం నా చేతికిచ్చి గదిలోకి పోయింది. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఒక్కటే అంది. "మీ పెద్దమ్మకు రాయి. నీ నోరొకటే కాదు, నా నోరు కూడా మూసినారని."

నిజం పెద్దమ్మా. మేడం మాట ఆమెకూ వర్తించింది. ఆమెకు ఇంగ్లీషు బొత్తిగా రాదు. పిల్ల పక్కన కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటుంది, అంతే. ఇదివరకు చెప్పే కథల్లేవు. నేనేమో "కమ్, సిట్, ఈట్, స్లీప్" అంటున్నాను. నా ఇంగ్లీషులో అన్నీ హుకుంలే ఉన్నాయి, ఒక్క ముద్దు మాట లేదు.

పోనీ పిల్లకేమైనా మేలు జరిగిందా అంటే అదీ లేదు. ఉన్న పది మాటలూ తగ్గాయి. మొండితనం ఎక్కువైంది. వంటింట్లో నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకదు. గడ్డం పట్టుకుని మొఖం మన వైపు తిప్పుకుని చెబితేనే చేస్తుంది. టీవీకి ముక్కు ఆనించి కూర్చుంటుంది. నిన్న పొయ్యి దగ్గరికి పోతుంటే "నో! నో!" అని అరిచాను. వెనక్కి కూడా చూడలేదు. వీపు మీద ఒకటి వేశాను. అది ఏడవలేదు. ఎందుకు కొట్టానో తెలియక నా నోటి వంకే చూస్తూ నిలబడింది. ఆ చూపు మరిచిపోలేకున్నాను.

అత్తమ్మ మీద నువ్వు వేసిన నింద తప్పు. నా మీద వేసినది తప్పో ఒప్పో నాకే తెలియడం లేదు.

సమీరా


కోడుమూరు,
24-7-2024.

సమీరా,

తిట్టడానికి తీరిక లేదు. చెప్పింది చెయ్యి.

అది మొండిది కాదు. నోటి వంక చూసింది అన్నావే, ఆరేళ్ళుగా నేనూ అందరి నోళ్ళ వంకే చూస్తున్నాను. మిషను మోతకు నా చెవులు పోయిన కొత్తలో మీ పెద్దనాయన "ఏమ్మే, శానా పొగరైపోయిందే నీకు, పిలిస్తే పలకవు!" అని ఆరు నెలలు అలిగాడు. నేనేమో ఆయనే మాట్లాడ్డం మానేశాడనుకున్నా.

పిల్లను వెనక నుంచి పిలిచి చూడు. నీ నీడ దాని ముందు పడకూడదు. దగ్గరగా నడవొద్దు, నేల అదిరితే ఒంటికి తెలిసిపోతుంది. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి పిలువు. తర్వాత ఏదైనా పళ్ళెం కింద పడెయ్యి. ఎటు తిరుగుతుందో చూడు. ఏ భాషలోనైనా పిలువు, ఆ గొడవ తర్వాత.

నా చెవులు చూసిన డాక్టరమ్మ మహేశ్వరి కర్నూలులో ఉంది. చిన్నపిల్లలకు కూడా ఆమే చూస్తుంది. ఆలస్యం చెయ్యొద్దు.

ఇక కింద రాసింది ఖైరున్నిసమ్మకు. యశోదతో వద్దు, నువ్వే చదివి వినిపించు.

వదినా, పెళ్ళినాడు మీరన్న మాట నిజం, ఇప్పుడు నేను వేసిన నింద అబద్ధం. ఆ కోపాన్ని తెచ్చి దీనికి ముడేశాను. తప్పు నాది. నన్నేమన్నా పడతాను. పిల్లను మాత్రం డాక్టరు దగ్గరికి పంపండి.

పీరమ్మ


కడప,
11 ఆగస్టు 2024.

పెద్దమ్మా, సలాం.

ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె "అన్నాను. అనలేదని ఎట్ల చెప్పేది? నేను మరిచిపోయినా, పడినామె మరిచిపోదు" అంది. ఆ తర్వాత లేచి, "పిల్ల యాడుండాది? పిలిచి చూద్దాం పా" అంది.

జోహరా వాకిట్లో బండ మీద కూర్చుని చింతగింజలు వరస పేరుస్తోంది. నేను గడప దగ్గర నిలబడి పిలిచాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. అత్తమ్మ నా పక్కన నిలబడి "జోహరా! ఇధర్ ఆ బేటా!" అని కేకేసింది. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి చూశారు గానీ, జోహరా గింజ పక్కన గింజ పెట్టుకుంటూనే ఉంది. అప్పుడు అత్తమ్మ ఇత్తడి చెంబు బండ మీదికి విసిరింది. పిల్ల ఉలిక్కిపడి లేచి ఎడమ వైపు చూసింది. చెంబు పడింది కుడి వైపు.

అత్తమ్మ అక్కడే చతికిలబడింది. "నాలుగేండ్లు దీన్ని పక్కలో ఏసుకుని కథలు చెప్పినా కదే. అవన్నీ యాడికి పోయినాయి?" అని ఒకటే అడగసాగింది. వీపు మీద వేసిన దెబ్బ గుర్తొచ్చి నా చెయ్యి నాకే పరాయిదైంది.

ఫిరోజ్ బేతంచెర్లలో తన అంగడికి బండల లోడు ఎత్తించి సాయంత్రం వచ్చాడు. చెప్పగానే మండిపడ్డాడు. "మీ పెద్దమ్మకు చెవుడైతే లోకమంతా చెవుడేనా? ఆడపిల్ల. చెవిటిదని ఒకసారి పేరు పడితే రేపెవరు చేసుకుంటారు? మేడం చెప్పినట్టు ఇంగ్లీషు మాట్లాడు, అదే వస్తాది" అన్నాడు. నేను బతిమాలాను. కదల్లేదు. మూడు రోజులు అట్లాగే గడిచాయి.

నాలుగో రోజు అత్తమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "నీ అంగట్లో బండలుండాయి చూడు, వాటికి చెప్పినట్టే నాలుగేండ్లు దీనికి చెప్పినాం. ఇంక చాలు. నువ్వు రావొద్దు. నేనూ కోడలూ పోతాం" అంది. ఆయన బయటికి పోయాడు.

గురువారం, ఇరవై రెండో తేదీ, పొద్దున బస్సుకు బయలుదేరి కర్నూలు వస్తున్నాం. నువ్వు బస్టాండులో ఉండు. నాకు భయంగా ఉంది, కానీ ఆగను.

సమీరా


కోడుమూరు,
23-8-2024.

సమీరాకు,

నిన్న పదకొండు గంటల నుంచి కర్నూలు బస్టాండులో కూర్చున్నాను. కడప బస్సు ఏది వచ్చినా పోయి కిటికీలన్నీ చూశాను. మూడింటి దాకా చూసి, డాక్టరమ్మ దగ్గరికి పోతే తలుపుకు తాళం. అక్కడున్న వాచ్‌మన్ ఏదో చెప్పాడు, నాకు వినపడలేదు. రెండోసారి అడగడానికి మొహమాటం వేసింది.

రావడం ఇష్టం లేకపోతే రాయొచ్చు కదా. ఖైరున్నిసమ్మకు నా మొఖం చూడాలని లేదేమో. న్యాయమే. నేను రాసినవి చిన్న మాటలు కావు. నేను పక్కకు తప్పుకుంటాను. మీ ముగ్గురూ పోండి. పిల్లకు చూపించడం మాత్రం మానొద్దు.

పీరమ్మ


కడప,
29 ఆగస్టు 2024.

పెద్దమ్మా, మా పెద్దమ్మా,

నువ్వట్లా బస్టాండులో కూర్చున్నావని చదివి అత్తమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. డాక్టరమ్మ చిన్నపిల్లలను మంగళవారాలే చూస్తుందట. గురువారం వద్దు, మంగళవారం వస్తున్నామని ఆదివారమే అంగడికి ఫోను చేసి పెద్దనాయనకు చెప్పాను. వెనక మిషను తిరుగుతోంది. "సరేలేమ్మా, సరే" అన్నాడు. ఆయనకేం వినపడిందో ఆయననే అడుగు! ఇరవయ్యో తేదీ నిన్ను వెతుకుతూ అత్తమ్మ ఆ బస్టాండంతా రెండుసార్లు తిరిగింది. నువ్వే రావడం ఇష్టం లేక ఆగిపోయావనుకుని చిన్నబుచ్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. పిల్లకు నిద్రమందు పోసి, తలకు వైర్లు అంటించి గంటసేపు చూశారు. రెండు చెవులూ తక్కువే పెద్దమ్మా. పుట్టినప్పటి నుంచి. కుడిది మరీ తక్కువ. ఎనిమిదో నెలలో పుట్టి, కామెర్లని పది రోజులు లైటు కింద ఉంది కదా, దానివల్ల అయి ఉండొచ్చంది డాక్టరమ్మ. మనం అనే మాటలు దానికి ముక్కలు ముక్కలుగా, బావిలో నుంచి వచ్చినట్టు వినపడేవట.

నేను ఏడుస్తూ కూర్చున్నాను. అత్తమ్మ ఏడవలేదు. "అమ్మా, నేను ఉర్దూ, నా కోడలు తెలుగు మాట్లాడినందుకు ఇట్లయిందా? నిజం చెప్పు" అని అడిగింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. "కాదమ్మా. పిల్లలు రెండు కాదు, మూడు భాషలైనా నేర్చుకుంటారు. ఈ పిల్లకు చెవి తక్కువైంది, భాష ఎక్కువ కాలేదు. చెవులకు మిషన్లు పెడదాం. పెట్టాక మీకు ఏ భాషలో మాటలు ధారగా వస్తాయో ఆ భాషలోనే పొద్దస్తమానం మాట్లాడండి. రానిదాంట్లో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటే పిల్లకు ఏ భాషా రాదు."

తిరుగు బస్సులో నంద్యాల దాటాక అత్తమ్మ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. దాని ఎడమ చెవికి నోరు ఆనించి ఉర్దూలో కథ మొదలుపెట్టింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నా ఆపలేదు. మైదుకూరు దాకా ఆమె చెప్పింది. మైదుకూరు నుంచి కడప దాకా నేను తెలుగులో చెప్పాను. రెండు నెలల మాటలు ఒక్కసారిగా వచ్చాయి నాకు.

ఫిరోజ్ డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చూశాడు. అన్నం తినలేదు.

నీ సమీరా


కోడుమూరు,
6-9-2024.

సమీరాకు, జోహరాకు, ఖైరున్నిసా వదినకు సలాం.

మీ పెద్దనాయనను అడిగాను. "ఏమో మంగళవారం అన్యట్లుండాది, పరుపు మంగళవారానికి కావల్లనేమో అనుకొని సరే అన్న్యా" అన్నాడు. ఒక పరుపు మంగళవారానికల్లా కుట్టి కూడా పెట్టాడు! తీసుకుపోయేవాళ్ళు లేరు. మీ ఇంటికే పంపిస్తాను.

ఒక మాట నిజంగా చెప్పాలి. నాకూ ఆ డాక్టరమ్మ మిషను ఇచ్చింది. నాలుగు రోజులు పెట్టుకుని పెట్టెలో పడేశాను. మొదట్లో గిన్నెల మోత గుండెల్లో పడుతుంది. పొయ్యి మీద తాలింపు పెళపెళమంటే ఇల్లు కూలినట్టుంటుంది. పిల్ల పీకి పారేస్తుంది. తిట్టొద్దు, ఊరుకోనూ వద్దు. ఈ రోజు అరగంట, రేపు ముప్పావు గంట. ఏ చప్పుడు ఎక్కడిదో వేలు పెట్టి చూపించండి. నాకు అట్లా చూపించేవాళ్ళు లేక ఓపిక పట్టలేకపోయాను. మీరు ఇద్దరున్నారు.

ఫిరోజ్‌ను ఏమీ అనొద్దు. మగవాడికి దుఃఖం వస్తే కోపం లాగానే కనపడుతుంది.

కాగితం తీసుకుని ఆ మేడం దగ్గరికి పో. కొట్లాటకు కాదు, ఇంకో తల్లికి ఆ మాట చెప్పకుండా.

పీరమ్మ


కడప,
9 ఫిబ్రవరి 2025.

పెద్దమ్మకు సలాం.

అయిదు నెలలుగా ఫోటోలే పంపాను, ఉత్తరం రాయలేదు. చేతుల్లో పని, నోట్లో పని. పొద్దున లేచిన దగ్గరి నుంచి ఇంట్లో మాటల వానే. నీళ్ళు పట్టుకుంటూ నీళ్ళ గురించి, బియ్యం ఏరుతూ బియ్యం గురించి నేను తెలుగులో చెబుతాను. అదే అత్తమ్మ ఉర్దూలో మొదలుపెడుతుంది. యశోద గోడ మీది నుంచి "ఏమక్కా, మీ ఇంట్లో రేడియో ఆపరా?" అంటుంది.

నువ్వన్నట్టే అయింది. మొదటి నెల చెవి మిషన్లు రోజూ పీకేసింది. ఒకటి బియ్యం డబ్బాలో దొరికింది, ఇంకొకటి ఫిరోజ్ బూటులో. కుక్కర్ కూత పెడితే కిందపడి ఏడ్చేది. అరగంట, ముప్పావు గంట, అట్లా అట్లా. దసరా సెలవులు అయిపోయేసరికి పొద్దున లేవగానే మిషన్ల డబ్బా తనే తెచ్చి నా చేతికివ్వడం మొదలుపెట్టింది.

మేడం దగ్గరికి పోయాను. కాగితం రెండుసార్లు చదివి, "ఇది నాకు తోచలేదమ్మా" అంది. ఆ మాట మెచ్చుకున్నాను. కానీ వెంటనే "అయినా ఇంట్లో ఇంగ్లీషు కొనసాగిస్తే..." అని మొదలుపెట్టింది. "ఇంగ్లీషు బడిలో మీరు నేర్పండి మేడం, కాదనను. ముందు బెంచీలో, మీ నోరు దానికి కనపడేట్టు కూర్చోబెట్టండి. మా ఇంట్లో మాత్రం మా మాటలే ఉంటాయి" అన్నాను. అంత గట్టి గొంతు నాకుందని నాకే తెలియదు. ముందు బెంచీలో కూర్చోబెట్టింది.

జోహరాకు ఇప్పుడు మాటలు వస్తున్నాయి. అన్నీ ఒక్కొక్కటిగానే. "పాలు", "చందమామ", "దాదీ", వద్దనడానికి "నక్కో", "రా". రెండు కలిపితే మాకు పండగే. ఏది ఏ భాషో దానికి బాగా తెలుసు. నాకు "నీళ్ళు" అంటుంది, అత్తమ్మకు "పానీ" అంటుంది. ఒక్కసారి కూడా తారుమారు చేయదు. వాళ్ళ నాన్నతో మాత్రం రెండూ మాట్లాడుతుంది.

ఇప్పుడు మొన్నటి సంగతి చెబుతాను. దానికోసమే ఈ ఉత్తరం.

కమలాపురంలో ఫిరోజ్ అక్క కూతురి పెళ్ళి. ఆయన ఇన్నాళ్ళూ పిల్లకు మిషన్లు పెట్టడం చూసేవాడు గానీ ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా ఇంటికొస్తే దాని తలకు స్కార్ఫు కట్టమనేవాడు. పెళ్ళిలో చుట్టాలంతా ఫోటోకు నిలబడ్డారు. ఎండకు పిల్ల స్కార్ఫు లాగేసింది. ఎవరో పెద్దామె, "ఏమప్పా ఫిరోజూ, పాప చెవులకవేమి?" అని అడిగింది. ఆయన మొఖం నల్లబడింది. వంగి, మెల్లగా "ఫోటో అయ్యేదాకా తీసేద్దాం బేటా" అంటూ చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. నేను అడ్డం పోయేలోపే జోహరా రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుంది.

"తీయొద్దబ్బా! నాకు ఇనపడల్ల!"

పెద్దమ్మా, వినపడాలి అనడానికి "ఇనపడల్ల" అంది, అది అచ్చం నీ యాస. అంత పొడుగు మాట దాని నోట ఎన్నడూ రాలేదు. ఫోటో తీసే అబ్బాయితో సహా అందరూ నిలబడిపోయారు. వాళ్ళ నాన్న చెయ్యి ఇంకా అక్కడే ఉందని చూసి, వెనక్కి తిరిగి, తీయొద్దని చెప్పమని అత్తమ్మను ఉర్దూలో పిలిచింది. "దాదీ! అబ్బాకు బోలో, నక్కో నికాలో!"

అత్తమ్మ కొడుకుతో చెప్పాల్సిన అవసరం రాలేదు. ఫిరోజ్ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి ఆ పెద్దామె వైపు తిరిగి, "చెవి మిషన్లు అత్తా. వాటితో మా పాపకు అన్నీ ఇనపడతాయి" అన్నాడు. తర్వాత నా జడలో పిన్నులు రెండు అడిగి తీసుకున్నాడు. చెవుల మీద పడుతున్న పిల్ల జుట్టును ఇటూ అటూ వెనక్కి దువ్వి, ఆ మొరటు చేతులతో తనే పిన్నులు పెట్టాడు. "ఇంక తియ్యప్పా ఫోటో" అన్నాడు.

ఆ ఫోటో ఈ ఉత్తరంలో పెట్టాను. పిల్ల రెండు చెవులూ బాగా కనపడుతున్నాయి.

నీ సమీరా